సంబోధన లేని సందేశాలు

మా కంప్యూటర్ టీచరు ఏ పని చేసినా వంటింట్లో డబ్బాలు సర్దుతున్నట్టే చేస్తుంది. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా ఫోనూ, మా ఆయన ఫోనూ పక్కపక్కన పెట్టుకుని అదే పద్ధతిలో మొదలుపెట్టింది.

"చూడండి మేడం. ఇక్కడ ఈమెయిళ్ళు. ఇది ఫోటోలు పెట్టుకునే చోటు. ఇది పాత స్నేహితులంతా పోగయ్యే చోటు. ఇవి మామూలు మెసేజీలు. ఇన్ని గుమ్మాల ముందు నిలబడి ఎంతమందికని జవాబిస్తారు? అన్నిటినీ తెచ్చి ఒకే పెట్టెలో పడేస్తాను. ఎవరు ఎక్కడినుంచి రాసినా ఇందులోనే కనబడుతుంది."

"ఆయనకి వచ్చేవి కూడానా?"

"ఆయనవీ, మీవీ. ఇద్దరి ఫోన్లలోనూ ఉన్నవాళ్ళు రెండేసిసార్లు కనబడుతున్నారు, చూడండి. ఎలక్ట్రీషియన్ ఇక్కడొకడు, ఇక్కడొకడు. ఒక్క మనిషికి రెండు ఇళ్ళెందుకు? అందరినీ కలిపేస్తున్నా." అని టకటకా నొక్కేసింది. "అయిపోయింది. ఇంక మీరు ఈ ఒక్కటే తెరవండి. మిగతావాటి మొహం చూడక్కర్లేదు."

నేను థ్యాంక్స్ చెప్పాను. ఆమె నా చేతిమీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, గంట కొట్టడంతో లేచి వెళ్ళిపోయింది. ఆ గంటకి నేను రుణపడి ఉన్నాను.

మా ఆయన ఇళ్ళకు ప్లాన్లు గీసేవారు. ఆయన పోయిన సంగతి తెలియనివాళ్ళు ఇంకా రాస్తూనే ఉన్నారు. మెట్లు ఎడమకి తిప్పితే హాలు ఇరుకవుతుందా అని ఒకరు. వంటింటి కిటికీ పెద్దది చెయ్యొచ్చా అని ఒకరు. అందరికీ నేనే చెప్పాలి. చెప్పే పని చేతకాక కాదు. నేను బళ్ళో భాష చెప్తాను, వ్యాకరణంతో సహా. ఒక వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. అయినా ప్రతి జవాబులోనూ క్రియ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది.

నిజానికి ఆ పెట్టె తెరిచింది జవాబులివ్వడానికి మాత్రమే కాదు.

ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు, అంతా అయిపోయాక, డాక్టరు నాతో ఒక మాటన్నాడు. "ముందే చెప్పాం కదమ్మా, ఆపరేషన్ వాయిదా వెయ్యొద్దని." నాకేమీ అర్థం కాలేదు. నా మొహం చూసి కళ్ళజోడు తీశాడు. "ఆ రోజు వచ్చింది మీరు కాదా? ఆయనతో ఒకావిడ వచ్చారు. అన్నీ ఆవిడ ఎదుటే చెప్పాను." ఎలాంటి ఆవిడ అని అడిగాను. "మీకంటే కొంచెం పెద్దావిడ," అన్నాడు. రోజూ వందమందిని చూసే మనిషి. అంతకంటే ఏం గుర్తుంటుంది?

అంటే ఆయన గుండె సంగతి ఆయనకి తెలుసు. ఇంకో ఆవిడకి తెలుసు. పక్కన పడుకునే నాకు తెలియదు.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ మాత్రం, 'నువ్వేనా?' అన్నట్టు చూడడం మొదలుపెట్టాను. ఆయన దగ్గర ప్లాను గీయించుకున్న ఒక టీచరమ్మ నా ముందు కూర్చుని ఏడిస్తే, ఎందుకింత ఏడుస్తోందని లెక్కలు కట్టాను. ఎదురింటావిడ ఆయన పేరెత్తి నిట్టూరిస్తే ఆ నిట్టూర్పు పొడవు కొలిచాను. మా అక్కని తప్ప అందరినీ అనుమానించాను. ఆయన పోయాక నా అనుకోదగ్గ మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

కొత్త పెట్టెలో పేర్లన్నీ ఒకదానికింద ఒకటి ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక చిన్న గుండ్రం, అందులో ఆ మనిషి ఫోటో. 'అక్క' అన్నచోట మా అక్క, మెడలో కొలతల టేపు వేసుకుని నవ్వుతోంది. నేను తీసిన ఫోటోయే. ఏదో ఒకటి పంపాలని ఆ పేరు నొక్కాను.

పైన నాకూ అక్కకీ మధ్య నడిచిన మామూలు మాటలున్నాయి. అన్నం తిన్నావా, తలుపు గడియ వేసుకున్నావా, అలాంటివి. కొంచెం వెనక్కి వెళ్తే వేరే మాటలు కనబడ్డాయి. వాటి పక్కన చిన్న కెమెరా బొమ్మ ఉంది. అంటే ఫోటోలు పెట్టుకునే చోటునుంచి వచ్చినవి. నాకు రాసినవి కావు. ఆయనకి రాసినవి.

'రిపోర్టు తెచ్చావా?'

'తెచ్చాను. ఇంటికి తేలేదు.'

'తనకి చెప్పు.'

'ఇప్పుడొద్దు. బళ్ళో పరీక్షలు. తను నిద్ర మానేస్తుంది.'

'మరి ఆపరేషన్?'

'సెలవుల్లో చూద్దాం. అప్పటిదాకా నువ్వు నోరు విప్పకు.'

'సరే. తనకి తెలియనివ్వను.'

ఆ 'తను' నేనే. అది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

మళ్ళీ చదివాను, దిద్దుతున్నట్టు. ఒక్క సంబోధన లేదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఉత్తరం రాయమంటే పిల్లలు సంబోధన మరిచిపోతే నేను మార్కులు తీసేస్తాను. మరిచిపోయి రాయకపోవడం వేరు, అక్కర్లేక రాయకపోవడం వేరు. వీళ్ళిద్దరికీ అక్కర్లేదు. అంత చనువు.

తర్వాత 'నువ్వు' దగ్గర ఆగిపోయాను. మా పెళ్ళైన దగ్గర్నుంచి మా అక్క ఆయన్ని 'మీరు' అనే అంటుంది. ఆయనా అంతే. ఆమెను 'వదినగారూ, మీరు కూర్చోండి' అనడం తప్ప ఇంకోలా నేను వినలేదు. నా ఎదుట 'మీరు', నా వెనక 'నువ్వు'. ఎప్పుడు మారింది? ఎక్కడ మారింది? మనుషులు 'మీరు'లోంచి 'నువ్వు'లోకి ఊరికే జారిపోరు. మధ్యలో ఏదో ఒకటి జరగాలి.

ఆ వాక్యాన్ని నేను పూర్తి చేయలేదు.

ఇంకొకటి కూడా ఉంది. అక్క నా గురించి ఎవరితో మాట్లాడినా 'అది' అంటుంది. 'దానికి జలుబు చేసింది', 'అది మాట వినదు'. చిన్నప్పట్నుంచీ అంతే. ఇక్కడ 'తనకి' అంది. దాచేవాళ్ళకి మాటలు మెత్తబడతాయి కాబోలు.

ఇంకెవరికైనా తెలుసేమోనని వెతికాను. 'వదిన' అన్న పేరు కనబడింది. ఆయన అక్కగారు. వేరే ఊళ్ళో ఉంటుంది. ఆయన పోయినప్పుడు వచ్చి, ఎక్కువ మాట్లాడకుండా, ఇంటిపనంతా చేసి వెళ్ళింది. అక్కడ కూడా నాకు వచ్చినవాటి మధ్యలో ఆయనకి వచ్చినది ఒకటి ఉంది.

'మీరు బాగా చిక్కిపోయారు. దానికి కనబడట్లేదేమో, నాకు కనబడుతోంది. డాక్టరుకి చూపించుకోండి. లేకపోతే దానితో నేనే చెప్తాను.'

'పని ఎక్కువైంది. అంతే.'

ఆవిడ తమ్ముణ్ణి 'మీరు' అన్నదంటే కోపంగా ఉన్నట్టు లెక్క. 'అయ్యగారూ, తమరు భోంచేస్తారా?' అని ఆవిడ దెప్పడం, ఆయన చెవులు మూసుకోవడం మా ఇంట్లో పాత సరదా. నన్ను 'అది' అన్నందుకు నాకేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే బాగుంది. సొంత మనిషి అనుకుంటేనే అలా అంటారు.

అప్పుడు నాకు తోచింది ఇదీ: దూరాన ఉన్న ఆడపడుచు ఆయన మొహం చూసి పట్టుకుంది, నాకు చెప్తానని బెదిరించింది. తోడబుట్టినది అంతా తెలిసి, నాకు తెలియనివ్వనని మాటిచ్చింది.

మర్నాడు బడినుంచి తిన్నగా అక్క దుకాణానికి వెళ్ళాను. అక్క టైలరు. వీధి చివర చిన్న గది, ముందు అద్దాల తలుపు, లోపల రెండు మిషన్లు, నిలువుటద్దం, గుడ్డ ముక్కల గంప. ఒక లావుపాటి ఆవిడ అద్దం ముందు నిలబడి చేతులు చాపి పోట్లాడుతోంది.

"ఇది జాకెట్టు కుట్టావా, సంచి కుట్టావా? ఇందులో మా ఆయన కూడా పడతాడు."

"పడితే మంచిదేగా. ఎక్కడికెళ్ళాడో వెతుక్కునే పని ఉండదు," అంది అక్క, పళ్ళమధ్య గుండుసూదులు పెట్టుకునే. "కొలతలిచ్చినప్పుడు ఛాతీ నిండా ఊపిరి బిగబట్టావు. ఇప్పుడు వదిలావు. అందులో నా తప్పేముంది?"

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. మా అక్క ఇంత తేలిగ్గా మాట తప్పించగలదని ఇదివరకు గమనించలేదు.

ఆవిడ వెళ్ళాక అక్క నాకు స్టూలు జరిపింది. "తిన్నావా? మొహం ఏంటలా పీక్కుపోయింది? బళ్ళో పిల్లలు పీక్కు తిన్నారా?"

"అక్కా, నీకు ఆ ఫోటోలు పెట్టుకునే దాంట్లో ఖాతా ఉందా?"

"నాకెందుకే అవన్నీ? మిషను తొక్కడానికే కాళ్ళు చాలట్లేదు."

"కుట్టిన బట్టల ఫోటోలు పెట్టొచ్చుగా. ఈ రోజుల్లో అందరూ పెడుతున్నారు."

"పెడితే ఏమవుతుంది, ఊరంతా వచ్చి ఊపిరి బిగబట్టి కొలతలిస్తుంది. ఉన్నవాళ్ళు చాలు నాకు."

తడుముకోకుండా చెప్పింది. అప్పుడే ఆమె ఫోను మోగింది. చూసి, బోర్లించి పెట్టేసింది.

"ఎవరు?"

"ఎవరో. జిప్పుల వాడై ఉంటాడు."

ఎవరో అన్న మనిషి మళ్ళీ జిప్పుల వాడెలా అయ్యాడు? నేను ఆ బోర్లించిన ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. అక్క చాక్‌పీసుతో గుడ్డమీద గీత గీస్తోంది.

"ఆయన ఆరోగ్యం గురించి నీతో ఎప్పుడైనా అన్నారా?" అని అడిగాను, ఏదో గుర్తొచ్చి అడిగినట్టు.

గీత ఆగింది. "నాతో ఎందుకంటారే?" అంది. కాసేపటికి, "ఆ మాటలు ఇప్పుడెందుకులే. మనసు పాడుచేసుకోకు," అని గుడ్డ మడత పెట్టేసింది.

గీత మధ్యలో ఆపడం మా అక్క అలవాటు కాదు. గీత మధ్యలో ఆగితే గుడ్డ పాడవుతుందని నాకు నేర్పింది తనే. 'నాతో ఎందుకంటారు' అనేది జవాబు కాదు, ప్రశ్న. అవునో కాదో చెప్పాల్సిన చోట ప్రశ్న వేసే పిల్లల్ని నాకు బాగా తెలుసు.

ఇంటికి వెళ్ళి ఆయన అక్కగారికి ఫోను చేశాను. ఎవరో ఒకరిమీదైనా నమ్మకం ఉంచుకోవాలని అనిపించింది.

"వదినా, మీకు థ్యాంక్స్ చెప్దామని చేశాను."

"నాకెందుకమ్మా?"

"మీరాయన్ని అడిగారట. చిక్కిపోయావు, డాక్టరుకి చూపించుకో అన్నారట. నాకు చెప్తానని కూడా అన్నారట. ఇప్పుడే తెలిసింది. నా తరఫున ఒక్కరైనా అడిగారు."

ఆవిడ ఇంట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది.

"వదినా?"

"ఆఁ, వింటున్నానమ్మా." గొంతు సవరించుకుంది. "ఏదో... అక్కని కదా. అంటానుగా. ఉంటానమ్మా, కుళాయి కట్టేయాలి."

పెట్టేసింది. పాపం, మంచితనం గురించి మాట్లాడితే ఇబ్బంది పడే మనిషి, అనుకున్నాను. అదే అక్కదైతే ఆ గొంతు సవరింపుకి కూడా ఒక అర్థం తీసేదాన్ని. ఆవిడ విషయంలో తీయలేదు.

ఆ వారమంతా అక్క మెసేజీలకి ఒక్కో ముక్కలో జవాబిచ్చాను. తిన్నాను. వేశాను. బాగున్నాను. అక్క ఊరుకునే రకం కాదు. ఆదివారం పొద్దున్నే పాత పరదాలు తీసేసి కొత్తవి వేస్తానని గుడ్డ, కత్తెర, డబ్బా పట్టుకుని దిగింది.

"ఈ ముదురాకుపచ్చ పరదాలు పెట్టుకుని చీకట్లో కూర్చుంటే మనిషికి లేనిపోని ఆలోచనలే వస్తాయి," అంది, స్టూలెక్కి పాతవి లాగేస్తూ. "వెలుతురు రానీ కాస్త."

నా ఫోను హాల్లో బల్లమీద ఉంది. అక్క కిందకి దిగి, నేలమీద కూర్చుని, కొత్త గుడ్డ అంచు మడిచి సూదులు గుచ్చసాగింది. పళ్ళమధ్య నాలుగైదు సూదులున్నాయి. ఆమె వెంటనే మాట్లాడలేని సమయం అదే అనిపించింది. ఎదురుమాట చెప్పే వీలు లేనప్పుడు మొహం నిజం చెప్తుందని నా లెక్క.

"మిమ్మల్ని ఒకటడగాలి," అన్నాను.

అక్క తలెత్తింది. 'మిమ్మల్ని' అన్న మాట ఆమెకి తగిలింది. వెనక్కి తిరిగి చూసింది, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"మిమ్మల్నే. ఆయనకి గుండెజబ్బుందని మీకు ముందే తెలుసు. ఆస్పత్రికి ఆయనతో వెళ్ళింది మీరే. నాకు తెలియనివ్వనని మాటిచ్చింది మీరే. ఎందుకు? నేనడిగేది ఇంకేమీ లేదు. ఎందుకు అన్నది ఒక్కటే."

అక్క సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. ఎర్రబడుతుందనుకున్న మొహం తెల్లబడింది.

"ఎవరన్నారే నీతో?"

"మీరే అన్నారు. రాసిపెట్టారు."

"నేనా? నేను రాశానా?"

"ఆయన్ని 'నువ్వు' అని కూడా రాశారు."

"ఛీ!" అంది అక్క. "నోరు కడుక్కో ముందు. మరిదిగారిని నేను నువ్వు అంటానా? నీకు మతి పోయిందా?"

"చదువుకోండి మీరే," అని ఫోనుకోసం చెయ్యి చాచాను. చెయ్యి పడేలోపే అది ఒకసారి వణికి వెలిగింది. పైన 'అక్క' అన్న పేరు, టేపు వేసుకుని నవ్వుతున్న ఆ ఫోటో, కొత్త సందేశం.

నేను అక్క చేతులవైపు చూశాను. ఒక చేతిలో గుడ్డ, ఒక చేతిలో సూదుల డబ్బా. ఆమె ఫోను సంచిలో ఉంది. సంచి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన.

"నువ్వు ఇప్పుడు నాకేమైనా పంపావా?" అన్నాను. 'మీరు' ఎక్కడికి పోయిందో తెలియలేదు.

"కాళ్ళతో పంపానా?"

సందేశం తెరిచాను. పక్కన కెమెరా బొమ్మ ఉంది. ఆయనకి రాసినది.

'ఒరేయ్, నీ భార్య నాకు ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పిందిరా. నువ్వు చిక్కిపోయావని నేను గొడవ పెట్టానట. నేనెక్కడ పెట్టాను? నోరు విప్పకు అన్నావు, విప్పలేదు. నీతో ఆస్పత్రికి వచ్చి, ఇంటికి రాకుండానే బస్సెక్కాను. తను థ్యాంక్స్ అంటుంటే అవునని ఊరుకున్నాను చూడు, అది ఇంకా పెద్ద పాపం. ఇంక నావల్ల కాదురా. చెప్పేస్తాను.'

పోయిన తమ్ముడికి ఉత్తరాలు రాసుకుంటోంది ఆవిడ. ఆయన ఫోను ఇంక ఎవరూ తెరవరనుకుని.

నేను కూర్చుండిపోయాను. ఎలా జరిగిందో మెల్లమెల్లగా తెలిసింది. తెలుసుకోలేనంత కష్టమైన సంగతి కూడా కాదు. నా ఫోనులో మా అక్క 'అక్క'. ఆయన ఫోనులో ఆయన అక్క 'అక్క'. నాకు ఆవిడ 'వదిన', ఆయనకి మా అక్క 'వదిన'. ఎవరి వరస వాళ్ళు పెట్టుకున్నాం, పేర్లు పెట్టుకోలేదు. పెద్దవాళ్ళని పేరుపెట్టి రాయడానికి మా ఇద్దరికీ చెయ్యి రాదు. కంప్యూటర్ టీచరు కలిపేసినప్పుడు ఇద్దరక్కలూ ఒక్కరయ్యారు, ఇద్దరు వదినలూ ఒక్కరయ్యారు. ఆ పెట్టెకి వరసలేం తెలుసు?

'నువ్వు' సరిగ్గానే ఉంది. 'తను' సరిగ్గానే ఉంది. 'మీరు', 'అది', అన్నీ ఎవరు అనాల్సిన మాట వాళ్ళే అన్నారు. ఒక్క మాట కూడా తప్పు లేదు. ప్రతిదాన్నీ నేనే తప్పుగా దిద్దాను.

అక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. కళ్ళజోడు నుదుటిమీదనుంచి దించుకుని చదివింది. పైకి జరిపి, ముందటివీ చదివింది. 'వదిన' అన్నది తెరిచి, తను రాసినది తనే చదువుకుంది. గదిలో కొత్త గుడ్డ వాసన.

"ఇది నేను రాసిందే," అంది, వేలు పెట్టి చూపిస్తూ. "చిక్కిపోయారని రాశాను. పని ఎక్కువైందన్నారు. నమ్మాను. నీకు చెప్తానని బెదిరించాను గానీ చెప్పలేదు. నీకు పరీక్షల గొడవ కదా అని ఊరుకున్నాను. మొన్న దుకాణంలో నువ్వడిగినప్పుడు అదే గుర్తొచ్చి చాక్‌పీసు ఆగిపోయింది. నేను గట్టిగా పట్టుబట్టి ఉంటే..."

"అక్కా."

"ఉండు, నన్ను చెప్పనీ. నన్ను అనుమానించావు. సరే. ఇదంతా మనసులో పెట్టుకుని ఒంటరిగా మోస్తున్నావు, ఎవరో ఒకరిమీద పడాలి, నామీద పడింది. దానికేం. తిట్టినా పడుంటాను, కొట్టినా పడుంటాను." ఫోను బల్లమీద పెట్టింది. "నన్ను 'మిమ్మల్ని' అన్నావు చూడూ. పరాయిదాన్ని చేసేశావు ఒక్క మాటతో. అది మాత్రం నాకు పోదు."

క్షమించమనడం ఆ మాటకి సరిపోదని తెలుసు. అక్క మళ్ళీ గుడ్డ అందుకుంది గానీ సూది గుచ్చలేదు.

"ఆవిడకి జవాబివ్వు," అంది చివరికి. "అక్కడ కూర్చుని ఏడుస్తూ ఉంటుంది."

ఆ సందేశం కింద ఖాళీ ఉంది. 'వదినా, నేను చదివాను' అని రాశాను. పంపబోతుంటే అక్క తొంగి చూసింది.

"ఏమే, ఇది ఎవరి పేరుమీద పోతుంది?"

చూశాను. ఆయన పేరుమీద.

"ఇప్పటికే ఒక గుండె ఆగింది," అంది అక్క. "చచ్చిపోయిన తమ్ముడి దగ్గర్నుంచి 'చదివాను' అని జవాబొస్తే ఆవిడ అక్కడే విరుచుకు పడిపోతుంది. చెరిపెయ్యి. ఫోన్ చెయ్యి."

ఎన్నో రోజుల తర్వాత నాకు నవ్వులాంటిది వచ్చింది, మధ్యలోనే ఇంకోలా మారిపోయింది. అక్క లేచి నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. తాగమని అనలేదు.

నేను రాసినది చెరిపేసి, ఆవిడకి ఫోను కలిపాను. మొదటి మోతకే ఎత్తింది.

"చెప్పమ్మా," అంది. చెప్పాల్సింది తనే అని ఇద్దరికీ తెలుసు.

ఎన్నో ప్రశ్నలు వరసగా పేర్చుకుని ఉంచుకున్నాను. ఎన్నాళ్ళుగా తెలుసు, డాక్టరు ఏమన్నాడు, ఆయన భయపడ్డారా, నా గురించి ఏమన్నారు. ఇవి కాక ఇంకేదైనా దాచారా అన్న ప్రశ్న కూడా వచ్చి వరసలో నిలబడింది. ఒకసారి అలవాటైన అనుమానం మనిషి మారినంత మాత్రాన ఊరుకోదు.

"ఆ రోజు ఆస్పత్రికి వచ్చింది మీరేనా వదినా?" అన్నాను.

"నేనేనమ్మా," అంది ఆవిడ. "నేనే."

ఆ తర్వాత ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు. అక్క పరదా అంచు ఒళ్ళో వేసుకుని నా పక్కన నేలమీద కూర్చుని కుడుతోంది. ఎక్కడికీ వెళ్ళలేదు. నా వైపు చూడలేదు కూడా.